వెనుక చక్రముల పొత్తు

ఎద్దుబండి మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరము దొరలును. రెండును ఇరుసుమీద వేఱువేఱుగా తిరుగును గనుక బండికి చిక్కులేదు. మోటారుకారులో చక్రములను ఇంజనే త్రిప్పవలెను. కావున ఈ సర్దుబాటునకై వెనుక ఇరుసునడుమ డిఫరెన్షియల్ అను పండ్లచక్రముల పెట్టెను అమర్చిరి. అయితే ఒక చక్రము బురదలో జారినచో అదియే వృథాగా గిరగిర తిరుగును, రెండవది కదలదు.

1964 మోడలుగా వెలువడిన పాంటియాక్ జి.టి.ఓ. మొదలగు అమెరికా బలిష్ఠపు కార్లలో, కోరినవారికి, ఈ లోపమును తగ్గించు పెట్టె లభించెడిది. షెవ్రొలె వారు తమదానిని పాజిట్రాక్షన్ అనిరి. అందు స్ప్రింగులు నొక్కిపట్టు క్లచ్ బిళ్లలు రెండు చక్రములను కొంతవఱకు జతపఱచును.

మలుపు మలుపునకును ఆ బిళ్లలు ఒరసికొని అరుగుచుండును. నూనెలో ఒరపిడిని మృదువుచేయు ద్రవ్యమును కలుపవలెను. లేనిచో మలుపులో గడగడ చప్పుడు పుట్టును. అప్పుడు ముందు నూనె మార్చి చూడుడు. మానకున్న పెట్టెను విప్పించి బిళ్లలను పరీక్షింపుడు. పూర్తిగా అరిగిన బిళ్లలు తఱచు చప్పుడు చేయకయే పట్టు విడుచును, నిశ్శబ్దమును నమ్మరాదు.

ఒక్క హెచ్చరిక: ఒక వెనుకచక్రమునే జాకీపై ఎత్తి, గేరు వేసి ఇంజను నడుపరాదు. నేలనున్న చక్రము బలమందుకొని కారును ముందునకు దూకించును; దగ్గఱనున్నవారి ప్రాణమునకే ముప్పు.