వీడియో క్రీడాలోకాల వింత తర్కం

మానవుడు కల్పించుకున్న ప్రతి క్రీడయూ ఒక చిన్న లోకమే. ఆ లోకానికి దానిదైన నియమావళి ఉంటుంది. చదరంగంలో ఏనుగు తిన్నగానే ఎందుకు నడవాలి, గుర్రం వంకరగానే ఎందుకు దూకాలి అని ఆడేవాడు ప్రశ్నించడు. వైకుంఠపాళిలో పాము నోట పడినవాడు చావకుండా దాని తోక దగ్గర సజీవంగా తేలడమేమిటని ఎవరూ వాదించరు. నియమాన్ని అంగీకరించినవాడే ఆటలో ప్రవేశిస్తాడు. అంగీకరించనివాడు గట్టున నిలిచి చూస్తాడు.

1980 దశకంలో ప్రపంచమంతటా వ్యాపించిన వీడియో క్రీడలలో ఒక తెగకు ప్లాట్‌ఫారమ్ ఆటలని పేరు. ఇక్కడ ప్లాట్‌ఫారమ్ అంటే రైలు స్టేషనులోనిది కాదు. అరుగు, తిన్నె అని అర్థం. తెరమీద అంచెలంచెలుగా అరుగులు అమర్చి ఉంటాయి. ఒక చిన్న మనిషి వాటిమీద పరుగెడుతూ, నిచ్చెనలెక్కుతూ, అగాధాలను దాటుతూ గమ్యం చేరాలి. 1990 దశకంలో మన పట్టణాలలో గంటకింత అని రుసుము తీసుకొని ఆడనిచ్చే దుకాణాలలోను, క్యాసెట్టు అని మనం పిలుచుకున్న పెట్టెలలోను ఈ ఆటలు మన పిల్లలకు పరిచయమైనాయి. ఆ లోకపు పోకడలు పైకి పిచ్చిగా కనిపిస్తాయి. ఆ పిచ్చిలో ఒక క్రమమున్నదనీ, ఆ క్రమానికి కారణాలున్నవనీ వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

ఆటల పుట్టుక

1980లో జపానులో వెలువడిన స్పేస్ పానిక్ అనే ఆటలో అరుగులూ నిచ్చెనలూ ఉన్నాయి గాని నాయకునికి దూకడం రాదు. 1981లో నిన్టెండో సంస్థకు చెందిన షిగెరు మియమోతో రూపొందించిన డాంకీ కాంగ్‌లో నాయకుడు దూకడం నేర్చాడు. పైనుంచి దొర్లివచ్చే పీపాల మీదుగా ఎగిరి గోరిల్లా చెరలోని యువతిని చేరడమే అతని పని. ఈ వడ్రంగే తరువాత మారియో అనే పేరుతో జగత్ప్రసిద్ధుడైనాడు. 1982లో అమెరికాలో డేవిడ్ క్రేన్ రచించిన పిట్‌ఫాల్, 1983లో ఇంగ్లండులో మాథ్యూ స్మిత్ రచించిన మానిక్ మైనర్, 1985 సెప్టెంబరులో మియమోతో బృందం వెలువరించిన సూపర్ మారియో బ్రదర్స్ ఈ తెగకు స్తంభాల వంటివి. వీటిలో మానిక్ మైనర్ మన ప్రాంతం వారి ప్రత్యేక శ్రద్ధకు పాత్రమైనది. ఎందుకంటే దాని నాయకుడు ఒక గని కార్మికుడు.

నిలువుకోత లోకం

ఈ ఆటలలో మొదటి వింత చూపుకు సంబంధించినది. ఇక్కడ ఎడమ, కుడి, పైన, క్రింద అనే నాలుగు దిక్కులే గాని ముందు, వెనుక అనేవి లేవు. ఎదురుగా శత్రువు వస్తే ప్రక్కకు తొలగడం అసాధ్యం. దూకాలి, లేదా చావాలి.

బొగ్గు గనుల ప్రాంతంలో పెరిగినవారికి ఇది త్వరగా బోధపడుతుంది. గని పటాలు రెండు విధాలు. పైనుంచి చూసినట్లు గీసేది ప్లాను. భూమిని కత్తితో నిలువుగా కోసి ఆ కోతముఖాన్ని చూపినట్లు గీసేది సెక్షను. సెక్షనులో ఇసుకరాతి పొరలు, వాటి నడుమ బొగ్గు పొరలు, ఏటవాలుగా దిగే మార్గాలు ఒకదానిక్రింద ఒకటిగా కనిపిస్తాయి. ప్లాట్‌ఫారమ్ ఆట అంటే ప్రాణం పోసుకున్న సెక్షను పటమే. ఆనాటి యంత్రాల స్వల్పశక్తికి లోతును చిత్రించడం దుస్సాధ్యం. అందుచేత లోకాన్నే కోసి పలుచని రేకుగా మార్చారు.

భూమ్యాకర్షణ

రెండవ వింత భూమ్యాకర్షణ. ఇది మనిషిని లాగుతుంది గాని అరుగును లాగదు. ఇటుకల వరుసలు ఏ ఆధారమూ లేకుండా ఆకాశంలో నిలుస్తాయి. నాణేలు గాలిలో వ్రేలాడుతాయి. మారియో తన ఎత్తుకు ఎన్నో రెట్లు ఎగురుతాడు. గాలిలో ఉండగానే మనసు మార్చుకొని వెనుకకు మళ్ళగలడు. మీటను ఎంతసేపు నొక్కితే అంత ఎత్తుకు లేస్తాడు. ఎంత ఎత్తునుంచి నేలమీద పడినా అతనికి దెబ్బ తగలదు; గోతిలో పడితే మాత్రం క్షణంలో మరణం.

మానిక్ మైనర్ నాయకుడు విల్లీ విషయం వేరు. అతడు ఒకసారి ఎగిరితే ఆ వంపు మార్గంలోనే సాగి దిగాలి. నడుమ మనసు మార్చుకునే వీలు లేదు. హద్దు మీరిన ఎత్తునుంచి పడితే చనిపోతాడు. అనగా భూమ్యాకర్షణ అన్ని ఆటలకూ ఒకటే సూత్రం కాదు. ప్రతి ఆటా తన న్యూటనును తానే సృష్టించుకుంటుంది. అయితే ఒక ఆటలోపల ఆ సూత్రం ఎన్నడూ మారదు. నిన్న ఎంత దూరం దూకగలిగాడో నేడూ అంతే దూకుతాడు. ఈ నిలకడయే ఆ వింతలోకానికి పునాది.

విల్లీ గనీ, మన గనీ

మానిక్ మైనర్‌లో 20 గుహలున్నాయి. ప్రతి గుహలో మిలమిలలాడే తాళపుచెవులన్నీ సేకరిస్తేనే ద్వారం తెరచుకుంటుంది. కాలుమోపిన కొద్దీ కరిగిపోయే నేలలు, మనిషిని తమ వెంట లాగుకొనిపోయే కన్వేయర్ బెల్టులు, ఒకే దారిలో అటూ ఇటూ తిరిగే మరబొమ్మలు, పెంగ్విన్ పక్షులు, చివరకు నడిచే మరుగుదొడ్లు కూడ ఆ గుహలలో ఉన్నాయి. తెర అడుగున గాలి నిల్వను చూపే గీత ఒకటి క్రమంగా కుంచించుకుపోతుంటుంది. అది అయిపోయేలోగా బయటపడాలి. మరుసటి గుహలో అడుగుపెట్టగానే గాలి మళ్ళీ నిండుగా ఉంటుంది.

ఈ దృశ్యాన్ని మన బాయి కార్మికునికి చూపితే ఆయన వేయగల ప్రశ్నలు ఊహించడం కష్టం కాదు. కప్పు తట్టి చూసినవారెవరు? సర్దారు ఎక్కడ? ఒంటరిగా ఎందుకు దిగాడు? స్తంభాలు వదలకుండా ఇంత ఖాళీ ఎట్లా నిలిచింది? మన గనులలో బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో బొగ్గు తీసేటప్పుడు కప్పు మోయడానికి బొగ్గునే స్తంభాలుగా విడిచిపెడతారు. అక్కడ ఏదీ ఊరికే నిలువదు. నిలిచిన ప్రతిదానికీ ఆధారం చూపాలి.

గాలి సంగతి కూడ అంతే. ఆటలో గాలి తరిగిపోవడం ఆడేవానిని తొందరపెట్టే ఉపాయం మాత్రమే. గనిలో గాలికి లెక్క ఉన్నది. మన దేశపు బొగ్గు గనుల నిబంధనల ప్రకారం పనిచేసే చోట ప్రాణవాయువు 19 శాతానికి తగ్గరాదు. మండే వాయువు ఎక్కడా 1.25 శాతాన్ని మించరాదు. ఒక్కొక్క మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లకు తగ్గకుండా గాలి అందాలి. ఈ గాలిని ఫ్యానులు రాత్రింబవళ్ళు నడిపిస్తాయి. ఒక గుహనుంచి మరొక గుహకు పోగానే తనంతట తాను నిండే గాలి గనిలో లేదు.

గని ఈ ఆటలలోకి మరొక విధంగానూ ప్రవేశించింది. 1984 మార్చి నుంచి 1985 మార్చి వరకు బ్రిటనులో బొగ్గు కార్మికుల మహా సమ్మె సాగింది. ఆ 1984లోనే వాంటెడ్ మాంటీ మోల్ అనే ఆట వెలువడింది. చలికి తట్టుకోలేక బొగ్గు దొంగిలించడానికి గనిలో దూరిన పందికొక్కు వంటి ఒక జంతువు దాని నాయకుడు. కార్మిక నాయకుడు ఆర్థర్ స్కార్గిల్ హాస్యచిత్రం కూడ అందులో ఉన్నది. పిల్లల ఆట అయినా తన కాలపు వార్తలకు అతీతం కాదని ఇది నిరూపిస్తున్నది.

వింతకు కారణాలు

ఈ వింతలన్నీ కర్తల ఉన్మాదం వల్ల పుట్టినవి కావు. మొదటి కారణం దారిద్ర్యం, అనగా యంత్రపు జ్ఞాపకశక్తి కొరత. సూపర్ మారియో బ్రదర్స్‌లోని 32 దశలూ, శత్రువులూ, సంగీతమూ కలిసి 40 కిలోబైట్లలో ఇమిడినాయి. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రం దానికంటె ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందుచేతనే ఆ ఆటలో ఆకాశంలోని మేఘమూ, నేలమీది పొదా ఒకే బొమ్మ. రంగు మాత్రమే వేరు. ఒకే అచ్చుదిమ్మెను రెండు సిరాలతో వాడినట్లన్నమాట. మారియో మీసం, టోపీ కూడ ఇట్టివే. కొద్దిపాటి చుక్కలతో నోరు, తలకట్టు చిత్రించడం కష్టమైనందువల్ల అవి పుట్టాయని ఆయన సృష్టికర్తయే వివరించాడు.

పిట్‌ఫాల్‌లో 255 అరణ్యదృశ్యాలున్నాయి. క్యాసెట్టు పరిమాణం 4 కిలోబైట్లే. దృశ్యాలను దాచిపెట్టే చోటు లేనందువల్ల డేవిడ్ క్రేన్ ఒక్కొక్క దృశ్యాన్ని క్రితం దృశ్యపు సంఖ్యనుంచి లెక్కగట్టే సూత్రం రచించాడు. ఛందస్సు తెలిసిన విద్యార్థులకు ఇది అపరిచితం కాదు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం యతిస్థానం. ఆ ఇరుకే కవిచేత కొత్త మాటను వెతికిస్తుంది. ఇరుకు కల్పనకు శత్రువు కాదు.

రెండవ కారణం బోధన. గాలిలో వ్రేలాడే నాణెం ఎవరో పారవేసుకున్నది కాదు. ఇటు దూకు అని చెప్పే చూపుడువేలు. సూపర్ మారియో ఆరంభంలోనే నెమ్మదిగా నడచివచ్చే ఒక శత్రువు ఎదురవుతాడు. తగిలితే మరణం, దూకి తొక్కితే విజయం. ఒక్క అక్షరం చదవకుండానే మొదటి పాఠం పూర్తి.

మూడవ కారణం వ్యాపారం. ఇటువంటి ఆటలు తొలుత నాణెం వేసి ఆడే పెట్టెలలో పుట్టాయి. ఒక నాణేనికి సాధారణంగా మూడు ప్రాణాలు. ఆడేవాడు త్వరగా ఓడాలి, అయినా మరల ఆడాలనిపించాలి. మూడు జన్మలనే సిద్ధాంతం వేదాంతంలోనుంచి గాక గల్లాపెట్టెలోనుంచి వచ్చింది.

కథాసంప్రదాయంలో పోలికలు

ఇటువంటి లోకాలు మనకు కొత్త కావు. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం అతని దేహంలో లేదు, ఎక్కడో దూరాన చిలుకలో ఉన్నది. అతనిని కత్తితో పొడిచి ప్రయోజనం లేదు. ఆ నియమం కనిపెట్టినవాడే గెలుస్తాడు. ఉర్దూ సాహిత్యంలో 1883లో లక్నో నవల్ కిషోర్ ముద్రణాలయం నుంచి సంపుటాలుగా వెలువడనారంభించిన తిలిస్మె హోష్రుబా దాస్తానుది ఇదే మార్గం. తిలిస్మ్ అంటే మాంత్రికుడు నిర్మించిన మాయాలోకం. దానికి తన నేల, తన ఆకాశం, తన నియమాలు ఉంటాయి. లౌహ్ అనే ఫలకం సూచించిన ప్రకారం నడిచే వీరుడు మాత్రమే దానిని ఛేదిస్తాడు. బలప్రయోగం వల్ల అది లొంగదు. మారియో లోకం చిత్రతెరమీది తిలిస్మ్. తేడా ఒక్కటే: ఇక్కడ లౌహ్ ఎవరూ చేతికివ్వరు. చచ్చి చచ్చి దానిని ఆటగాడే తన మనసులో లిఖించుకోవాలి.

మరణానంతర జ్ఞానం

ఈ లోకపు అత్యంత విచిత్ర నియమం ఇదే. విల్లీ చనిపోతాడు. గుహ మళ్ళీ మొదటి స్థితికి వస్తుంది. కరిగిన నేల యథాస్థానంలో ఉంటుంది, మరబొమ్మ మొదటి అడుగునుంచి నడక సాగిస్తుంది. విల్లీకి కూడ ఏదీ జ్ఞాపకం లేదు. జ్ఞాపకమున్నది మీట పట్టుకున్న బాలునికి. చచ్చేది ఒకడు, నేర్చేది మరొకడు. ఈ ఆటలలోని న్యాయమంతా దీనిమీదనే నిలిచింది. ప్రమాదం కనిపిస్తుంది, ఒకే తీరున వస్తుంది, తప్పుకు మరొక అవకాశం ఉంటుంది.

నిజానికి గనిలోనూ చచ్చేది ఒకడు, నేర్చేది మరొకడు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎవరికీ రెండవ ప్రాణం లేదు. గని మొదటి స్థితికి రాలేదు. విడిచిపెట్టిన పాత పనులకు 60 మీటర్ల లోపు ముందస్తు అనుమతి లేకుండా త్రవ్వరాదనే నిబంధన పుస్తకంలో ఒక పొడి వాక్యంగా కనిపిస్తుంది. ఇటువంటి వాక్యాల వెనుక వెనుకటి తరాలవారి మరణాలున్నాయి. ఆటలో జ్ఞాపకం బాలుని వ్రేళ్ళలో ఉంటుంది. గనిలో అది నిబంధనలోను, దానిని పాటించే సర్దారులోను, పాటించమని నిలదీసే కార్మికునిలోను ఉండాలి. అక్కడ మరచిపోతే ఆట మళ్ళీ మొదలుకాదు.

ఉపసంహారం

ఈ ఆటలు ఆడరాదని హితవు చెప్పడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. తెలియని లోకంలో అడుగుపెట్టి, కోపగించుకోకుండా, దాని నియమాన్ని పరిశీలనతో కనిపెట్టడం గొప్ప విద్య. వ్యాకరణానికైనా రసాయనానికైనా అదే పద్ధతి. అయితే ఒక లోకపు నియమాన్ని మరొక లోకానికి మోసుకొనిపోరాదు. చదరంగపు గుర్రం వీధిలోని గుర్రం కాదు.

మన విద్యార్థులలో అనేకులు బాయి పనివారి బిడ్డలు. షిఫ్టు ముగించుకొని తండ్రి ఇంటికి వచ్చేవేళకు తెరమీద విల్లీ మూడు ప్రాణాలూ పోగొట్టుకొని మళ్ళీ లేచి నిలబడి ఉండవచ్చు. ఆ బాలుడు ఆట కట్టి, ఈ రోజు కప్పు ఎట్లున్నదని, గాలి బాగా వచ్చిందా అని తండ్రిని అడిగితే, రెండు లోకాల తర్కమూ అతనికి అర్థమైనట్లే.