నమూనా హెలికాప్టరు తొడుగు: ఒక రబ్బరు వలయం నేర్పిన పాఠం

ప్రవాసంలో స్థిరపడిన మన కుటుంబాలలో వేసవి సెలవులు రాగానే తల్లిదండ్రులకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. పిల్లలను తెర ముందు నుంచి లేపి ఆరుబయటికి తీసుకువెళ్ళడం ఎలా? మా ఇంట ఈ ప్రశ్నకు సమాధానంగా వచ్చినది, రేడియో తరంగాలతో నడిచే నమూనా హెలికాప్టరు. చూడడానికి ఆటవస్తువే అయినా, దానిని విప్పి బిగించే క్రమంలో యంత్రశాస్త్రం, వాయుగతిశాస్త్రం, విద్యుచ్ఛాస్త్రం మూడూ పిల్లలకు చేతివేళ్ళ ద్వారా అబ్బుతాయి. అయితే మా ఇద్దరికీ అన్నిటికన్నా పెద్ద పాఠం చెప్పినది ఇంజనూ కాదు, రోటరూ కాదు. అది చిటికెన వేలి గోరంత రబ్బరు వలయం. ఆ కథను, దాని వెనుకనున్న శాస్త్రాన్ని పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము ఈ విద్యలో అడుగుపెట్టిన మూడవ వేసవి అది. ఒక ఆదివారం ఉదయం ఖాళీగా ఉన్న పాఠశాల మైదానానికి వెళ్ళాము. నా శ్రీమతి, మా అమ్మాయి కుర్చీలు వేసుకుని కొంత దూరంలో కూర్చున్నారు. హెలికాప్టరును పెట్టెలోనుంచి తీస్తూ మా అబ్బాయి, "నాన్నా, ఎడమ వైపు రబ్బరు చిరిగింది" అన్నాడు. "ఈ ఒక్కసారికి ఏమీ కాదులేరా, కుడి వైపు గట్టిగానే ఉంది కదా, కానియ్" అన్నాను నేను. పాతికేళ్ళుగా ఇంజనీరు వృత్తిలో ఉన్నవాడు అనకూడని మాట అది. నాలుగు నిమిషాలు అంతా సవ్యంగానే సాగింది. అప్పుడు వాడు హెలికాప్టరును వేగంగా వెనుకకు నడిపాడు. ముందు భాగాన్ని కప్పి ఉంచే తొడుగు ఒక పక్కకు ఒరిగి, పైకి లేచి, తిరుగుతున్న రెక్కలలో పడింది. పెద్ద చప్పుడుతో ముక్కలు నలుదిక్కులకూ ఎగిరాయి. హెలికాప్టరు నేలకూలింది. అరచేయంత ముక్క ఒకటి మా అమ్మాయి కూర్చున్న కుర్చీకి రెండడుగుల దూరంలో గడ్డిలో దిగబడి ఉండడం చూసినప్పుడు మా నలుగురిలో ఎవరికీ నోట మాట రాలేదు.

ఈ తొడుగునే ఆంగ్లంలో కానపీ అంటారు. ఆ మాటకు మూలం గ్రీకు భాషలో దోమను తెలిపే పదం. మొదట్లో అది దోమతెర కట్టిన మంచానికి పేరు. కాలక్రమేణా పైకప్పుకు, పందిరికి, విమానచోదకుని తలపైన ఉండే గాజు కప్పుకు ఆ పేరే వచ్చింది. నమూనా హెలికాప్టరులో చోదకుడు లేడు కనుక ఈ తొడుగు కేవలం అలంకారమని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. దానికి మూడు బాధ్యతలున్నాయి. లోపలి బ్యాటరీ, రేడియో గ్రాహకం, తీగెలను ఎండ, దుమ్ము, గాలి నుంచి కాపాడడం మొదటిది. గాలిని చీల్చుకుంటూ పోయేందుకు వీలైన నునుపైన ఆకారాన్ని ఇవ్వడం రెండవది. మూడవది అతి ముఖ్యమైనది. నూరు గజాల దూరంలో ఉన్న హెలికాప్టరుకు ముఖం ఏదో, తోక ఏదో చోదకుడు పోల్చుకునేది ముఖ్యంగా తొడుగు రంగును, ఆకారాన్ని బట్టే. ఆ గుర్తు తప్పితే చేతిలోని మీటను ఎటు తిప్పాలో తెలియదు. అందుకే అనుభవజ్ఞులు మెరిసే పసుపు, నారింజ వంటి రంగులను ఎన్నుకుంటారు.

ఇక తొడుగును ఊడదీయాలని చూసే శక్తుల సంగతి చూద్దాం. మొదటిది కంపనం. మా హెలికాప్టరు 450 తరగతికి చెందినది. రోటరు వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు. అది నిమిషానికి 2,800 సార్లు తిరుగుతున్నదనుకుంటే రెక్క చివర గంటకు 370 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. రెక్కల తూకంలో లేశమాత్రం తేడా ఉన్నా ప్రతి చుట్టుకూ చట్రం ఒకసారి ఊగుతుంది. ఆ ఊపు పావు మిల్లీమీటరే అయినా, సెకనుకు దాదాపు 47 సార్లు జరగడం వల్ల తొడుగుపై దాని బరువుకు రెండింతలకు పైబడిన లాగుడు ఏర్పడుతుంది. ఆరు నిమిషాల విహారంలో ఈ లాగుడు 16,800 సార్లు పునరావృతమవుతుంది. ఒక్క దెబ్బకు చెక్కుచెదరని పదార్థం కూడా వేలాది చిన్న దెబ్బలకు అలసిపోతుంది. ఇనుప తీగెను అటూ ఇటూ వంచి విరిచిన వారందరికీ ఈ సత్యం తెలిసినదే.

రెండవ శక్తి గాలి. హెలికాప్టరు ముందుకు సాగేటప్పుడు గాలి తొడుగును చట్రం వైపే నొక్కుతుంది కనుక చిక్కు తక్కువ. విమానానికి లేని శక్తి హెలికాప్టరుకు ఒకటున్నది. అది వెనుకకు కూడా ఎగురుతుంది. తొడుగు వెనుక భాగం తెరచి ఉంటుంది. అప్పుడు గాలి ఆ ద్వారంలో దూరి, ఈదురుగాలికి గొడుగు తిరగబడినట్లు, తొడుగును ముందుకు తోస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో నూరు చదరపు సెంటీమీటర్ల ద్వారంపై పడే తోపుడు సుమారు 170 గ్రాముల బరువుకు సమానం. మా తొడుగు తూకం 45 గ్రాములు మాత్రమే. అంటే తన బరువుకు దాదాపు నాలుగింతల బలం దానిని ఊడలాగుతున్నదన్నమాట. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలవుతుంది. ఆనాడు మా మైదానంలో జరిగినది సరిగ్గా ఇదే. రెండు వైపులా పంచుకోవలసిన భారమంతా ఒక్క వైపు వలయంపై పడింది.

ఈ శక్తులను తట్టుకునే ఏర్పాటు చాలా సరళమైనది. చట్రానికి ఇరువైపులా అడ్డంగా పొడుచుకు వచ్చిన చిన్న మేకులుంటాయి. చిన్న హెలికాప్టర్లకు సాధారణంగా రెండు, పెద్దవాటికి నాలుగు. మేకు చివర గుండ్రని తల, దాని వెనుక సన్నని మెడ ఉంటాయి. తొడుగు రంధ్రంలో గ్రామెట్ అనే రబ్బరు వలయాన్ని అమర్చి, ఆ వలయాన్ని మేకు తల మీదుగా నెట్టితే అది మెడ వద్ద ఒదిగి కూర్చుంటుంది. మరలతో గట్టిగా బిగించేయవచ్చు కదా అని మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్నే. గట్టిగా బిగిస్తే చట్రంలోని ప్రతి కంపనమూ తొడుగులోకి నేరుగా ప్రవేశించి రంధ్రం చుట్టూ పగుళ్ళు తెస్తుంది. రబ్బరు ఆ కదలికను తనలో ఇముడ్చుకుంటుంది. మన పల్లెలలో నీళ్ళ బిందెను తల మీద పెట్టుకునేటప్పుడు కింద గుడ్డ చుట్టకుదురు పెట్టేవారు. ఆ కుదురు చేసే పనే ఈ వలయమూ చేస్తుంది. పట్టు వదలకూడదు, బిగుసుకుపోనూ కూడదు. పెద్ద హెలికాప్టర్లలో కొందరు వలయంతో పాటు మేకు చివర మరనో, సన్నని తీగె పిన్నునో అదనపు భద్రతగా వాడతారు. అక్కడ కూడా కంపనాన్ని భరించేది రబ్బరే.

కొత్త తొడుగుకు రంధ్రాలు చేయడం ఓర్పుతో కూడిన పని. మేకు ఎక్కడ తగులుతుందో బయటికి కనిపించదు. రంగు వేయని ఫైబర్‌గ్లాస్ తొడుగైతే లోపల చిన్న దీపం పెట్టి మేకు నీడను చూసి గుర్తించవచ్చు. రంగు వేసినదైతే మేకు తలకు కాస్త తడి కుంకుమ అద్ది, తొడుగును సరైన స్థానంలో ఉంచి లోపలికి నొక్కితే గుర్తు పడుతుంది. మా ఇంట ఈ ఉపాయం చెప్పినది నా శ్రీమతి. ఎదుటినుంచి, పైనుంచి చూసి తొడుగు వంకర లేదని తేల్చుకున్న తరువాతే రంధ్రం చేయాలి. గుర్తు మీద అతుకు కాగితం అంటించి, మొదట సన్నని రంధ్రం చేసి, కొనవైపు సన్నగా మొదలుకొని క్రమంగా లావెక్కే రీమరుతో కొంచెం కొంచెంగా పెద్దది చేయాలి. ఒకేసారి లావు డ్రిల్లు దింపితే పొర చిట్లుతుంది. రంధ్రం అంచుకు పలుచని సైనోఎక్రిలేట్ జిగురు పట్టిస్తే పోగులు గట్టిపడతాయి. ఫైబర్‌గ్లాస్ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక ముక్కుకు, నోటికి మాస్కు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి.

తొడుగు అమరిన తరువాత లోపలి ఖాళీని పరీక్షించాలి. అది చట్రానికి గాని, దిశను స్థిరంగా ఉంచే గైరో పరికరానికి గాని తగలకూడదు. తగిలితే ఆ టకటకలను గైరో నిజమైన కదలికగా భ్రమించి తప్పు సవరణలు చేస్తుంది. కార్బన్ ఫైబర్ చట్రం అంచులు కత్తివాదరలా ఉంటాయి, పైగా అవి విద్యుద్వాహకాలు. వాటికి ఒరుసుకున్న తీగె తోలు ఊడితే షార్ట్ సర్క్యూట్ కావచ్చు. నిలువునా చీల్చిన సన్నని సిలికోను గొట్టాన్ని ఆ అంచులకు తొడిగితే ఈ ప్రమాదం తప్పుతుంది.

ద్రవ ఇంధనంతో నడిచే హెలికాప్టర్లలో మరొక జాగ్రత్త అవసరం. ఆ ఇంధనంలో మెథనాల్, నైట్రోమీథేన్‌తో పాటు కందెనగా నూనె కలుస్తుంది. అనేక రకాలలో ఆ నూనె ఆముదమే. మన మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాల రైతులు తరతరాలుగా పండిస్తున్న ఆముదాల నూనె ఇటువంటి యంత్రాలలోనూ పనిచేస్తుందని చెబితే మా పిల్లలు ఆశ్చర్యపోయారు. పొగగొట్టం నుంచి వెలువడే ఆ జిడ్డు మేకుల మీద పేరుకుంటే వలయం జారిపోతుంది. ప్రతి విహారం తరువాత మేకులను, వలయాలను తుడిచివేయాలి.

ఆనాటి సంఘటన తరువాత మేము పాఠశాల మైదానానికి వెళ్ళడం మానివేశాము. నమూనా విమానాల సంఘంలో సభ్యులమై, ప్రేక్షకులకు, చోదకులకు మధ్య వల కట్టిన మైదానంలోనే ఎగురవేస్తున్నాము. అమెరికాలో ఈ విద్యకు పెద్ద దిక్కు, 1936లో స్థాపితమై ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్టణం కేంద్రంగా ఉన్న అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్. 250 గ్రాములకు మించిన నమూనాలను ఎగురవేసేవారు ఎఫ్.ఏ.ఏ. వద్ద నమోదు చేసుకోవాలి. 2021 నుంచి ట్రస్ట్ అనే ఉచిత భద్రతా పరీక్ష కూడా అందుబాటులో ఉంది. వినోదం కోసం ఎగురవేసేవారు దానిలో ఉత్తీర్ణులు కావలసిందే. ఈ నియమాలు వృథా ఆంక్షలు కావు. 700 తరగతి హెలికాప్టరు రెక్క చివరి వేగం గంటకు 600 కిలోమీటర్ల వరకు ఉంటుంది. 2013 సెప్టెంబరులో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పంతొమ్మిదేళ్ళ యువకుడొకడు తాను ఎగురవేస్తున్న నమూనా హెలికాప్టరు తగిలి ప్రాణాలు కోల్పోయాడు. అది ఆటవస్తువు అనే మాట తల్లిదండ్రులు మనసులోనుంచి తీసివేయాలి.

ఇప్పుడు మా ఇంట ఒక నియమమున్నది. ఎగురవేయడానికి ముందు ప్రతి వలయాన్ని వేలితో వంచి చూడాలి. రబ్బరులో పగులు కనిపించినా, గట్టిబడినట్లు తోచినా, వెంటనే మార్చాలి. తరువాత తొడుగును రెండు చేతులతో పట్టి మెల్లగా ముందుకు లాగి చూడాలి. ఇదంతా కలిపి ఒక నిమిషం పని. కొత్త వలయం వెల కాఫీ వెల కన్నా తక్కువ.

గత శరత్కాలంలో ఆ సంవత్సరపు ఆఖరి విహారానికి నూట ఇరవై మైళ్ళు కారులో వెళ్ళాము. తీరా చూస్తే ఒక వలయం సన్నగా చిట్లి ఉంది. తెచ్చుకున్న పెట్టెలో వేరొకటి లేదు. ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు, నా మనసు పీకుతూనే ఉంది. మా అబ్బాయి ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, మాట్లాడకుండా హెలికాప్టరును తిరిగి పెట్టెలో సర్దేశాడు. తిరుగు ప్రయాణంలో నాకు నిరాశ కలగలేదు. నేను ఆ ఆదివారం ఉదయం చేయలేని పని వాడు చేశాడు.