పళ్లెంలో పెరిగే తోలు

"మోకాలు గీరుకపోతే మళ్ల తోలు వస్తది గదా సార్, మరి కాలినోళ్లకు తొడ మీది తోలు తీసి ఎందుకు అతికిస్తరు?" అని తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు. జవాబు వెంట్రుకల కుదుళ్లలో ఉంది. పైపైన గీరుకుంటే ఆ కుదుళ్లలోని మూలకణాలు పైకి పాకి గాయాన్ని కప్పేస్తాయి. లోతుగా కాలితే కుదుళ్లే మాడిపోతాయి. ఇక గాయం అంచుల నుంచే కొత్త చర్మం రావాలి. వీపంత గాయానికి అది అయ్యే పనేనా? ఒళ్లంతా కాలినవారికైతే అతికించడానికి తీసుకునే చోటే మిగలదు.

చర్మాన్ని బయట పెంచుదామంటే ఒక చిక్కు ఉండేది. పైపొర కణాలు పళ్లెంలో వేసిన కొన్నాళ్లకే విభజన మానేసేవి. వాటితో వచ్చిన లోపొర కణాలేమో, అంటే ఫైబ్రోబ్లాస్టులు, పళ్లెమంతా ఆక్రమించేవి. పైపొర కణానికి ఫైబ్రోబ్లాస్టు తోడు కావాలి, కానీ అది తనను మింగేయకూడదు. అమెరికాలోని ఎంఐటీలో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవర్డ్ గ్రీన్ 1975లో ప్రకటించిన ఉపాయం నాకు భలే ఇష్టం. 3టీ3 అనే ఎలుక ఫైబ్రోబ్లాస్టులకు రేడియేషన్ ఇచ్చి పళ్లెం అడుగున పరిచారు. ఆ దెబ్బకు అవి ఇక విభజన చెందలేవు, కానీ వెంటనే చావవు. బతికున్నన్నాళ్లూ పైపొర కణాలకు కావలసిన పదార్థాలు వదులుతూనే ఉంటాయి. మనిషి కణాల గుంపు పెరిగేకొద్దీ వాటిని పక్కకు నెట్టేసి ఆ చోటులో తానే పరుచుకుంటుంది. నాలుగైదు కణాల మందం పొర తయారయ్యాక డిస్పేస్ అనే ఎంజైమ్ పోస్తారు. అది పొరకూ పళ్లేనికీ మధ్య పట్టును తెంచుతుంది, కణాల మధ్య పట్టును మాత్రం ముట్టుకోదు. ఊడిన పొర ముడుచుకుపోతుంది కాబట్టి వాజ్‌లిన్ గుడ్డకు క్లిప్పులతో బిగించి రోగి దగ్గరికి తీసుకెళ్తారు. 1983లో ఒళ్లు 97 శాతానికి పైగా కాలిన ఇద్దరు చిన్నపిల్లలకు బోస్టన్‌లో ఇలా పెంచిన చర్మమే అతికించారు. చంకల్లో మిగిలిన కొద్దిపాటి తోలుతో వారి ఒంట్లో సగం దాకా కప్పగలిగారు.

ఇదే విద్య హైదరాబాద్‌లో కంటికి పనికొచ్చింది. తంబాకులో కలుపుకునే సున్నం ప్యాకెట్ నొక్కుతూ ఆడే పిల్లల కళ్లలోకి అది చిమ్ముతుంది. ఆమ్లం పడితే ప్రొటీన్లు గడ్డకట్టి కొంతవరకు అడ్డుగోడ అవుతాయి. సున్నం అలా ఆగదు, కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగిపోతుంది. నల్లగుడ్డు చుట్టూ తెల్లగుడ్డు మొదలయ్యే వలయంలో, లింబస్‌లో, కార్నియా మూలకణాలు ఉంటాయి. అవి పోతే తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి ఎక్కేస్తుంది, చూపు మూసుకుపోతుంది. (సున్నం పడితే చేయాల్సింది ఒకటే. ముందు అరగంట సేపు నీళ్లు పోస్తూ ఉండాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి.)

ఇటలీలో గ్రసియెల్లా పెల్లెగ్రిని, మిఖేలె డి లూకా 1997 నాటికే గ్రీన్ గారి ఎలుక కణాల మీద కార్నియా పొర పెంచి కళ్లకు అతికించారు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో వీరేందర్ సంగ్వాన్, గీతా వేముగంటి బృందం 2001 నుంచి ఎలుకను పక్కనపెట్టింది. కాన్పు తర్వాత పారేసే మాయలోని పలుచని ఉమ్మపొర మీద రోగి మంచి కంటి లింబస్ ముక్కను ఉంచి, రోగి రక్తపు సీరంతోనే సుమారు రెండు వారాలు పెంచేది. 2011లో ప్రకటించిన 200 కళ్లలో 142 కళ్లకు కార్నియా పొర నిలబడింది.

ఆ తర్వాతి మెట్టు ఇంకా సాహసం. 2012లో సంగ్వాన్, సయన్ బసు తదితరులు ల్యాబే వద్దన్నారు. మంచి కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఎనిమిది పది నలుసులుగా కోసి, పాడైన కంటి మీద పరిచిన ఉమ్మపొరపై ఫైబ్రిన్ జిగురుతో అక్కడక్కడ అంటించారు. కణాలు కంటి మీదే పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. నారుమడి లేకుండా పొలంలోనే వెదజల్లే వరి సాగు ఇది. ల్యాబ్ ఖర్చు లేదు, రెండోసారి కోత లేదు. ఎలుకలను పెట్టి ఎంత అందంగా పెంచినా, నా ఓటు దీనికే.

మళ్లీ చర్మం సంగతికి వస్తే, దాని పైన చచ్చిన కణాల గట్టి పెచ్చు ఉంటుంది. ల్యాబ్‌లో పొరను పోషకద్రవం నుంచి పైకెత్తి దాని పైభాగానికి గాలి తగలనిస్తే ఆ పెచ్చు కడుతుంది. సౌందర్య సాధనాల పరీక్షకు వాడేది ఇలాంటి చర్మాన్నే. దాని మీద క్రీము రాసి, కడిగి, పసుపు రంగు ఎంటీటీ ద్రావణంలో ఉంచుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకు మారుస్తాయి. బతికినవి సగమో అంతకన్నా తక్కువో అయితే, అది ఒంటికి మంట పెట్టే సరుకన్నమాట. 1944 నుంచి కుందేళ్ల మీద చేస్తూ వచ్చిన పని ఇది. మన దేశం 2014లో సౌందర్య సాధనాలకు జంతు పరీక్షలు నిషేధించింది.

కాలిన గాయాలకు మాత్రం దాతల చర్మమే ఇప్పటికీ మొదటి ఆసరా. అందుకే 2021లో ఉస్మానియా ఆసుపత్రిలో చర్మనిధి పెట్టారు. పళ్లెంలో పెరిగే పొరకు చెమట గ్రంథులు ఉండవు. ఒళ్లు ఎక్కువగా కాలి కోలుకున్నవారికి ఆ మేర చెమట పట్టదు, ఒంటి వేడి దిగదు. మే నెల ఎండలో వాళ్లు తడిగుడ్డ దగ్గర పెట్టుకునే తిరగాలి.