పెరట్లో వర్క్‌షాపా? డ్రిల్లు తర్వాత కొనొచ్చు!

వారమంతా స్క్రీన్ మీద కోడ్ రాసేవాళ్లకి, శనివారం వచ్చేసరికి చేత్తో పట్టుకునే వస్తువేదైనా తయారుచేయాలనిపిస్తుంది. మా టీమ్‌లో ఒకడు స్పీకర్ బాక్సులు చేస్తాడు, ఇంకొకడు పాత సైకిళ్లు బాగుచేస్తాడు. నాకు చెక్కపని. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని సముద్రం దగ్గర్లోని మా సొంతూరికి వచ్చేశాక, పెరట్లో ఓ రేకుల షెడ్డు వేసుకునే వీలు దొరికింది.

మామూలుగా జరిగేదేంటంటే, ఆన్‌లైన్ సేల్‌లో డ్రిల్లు, గ్రైండరు ముందొస్తాయి. చోటు గురించి ఆలోచన తర్వాత. నిజానికి ఇది తిరగబడాలి. మిషన్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గచ్చు, పైకప్పు, వైరింగ్ మార్చాలంటే మాత్రం మళ్లీ పగలగొట్టాల్సిందే.

ఎంత చోటు కావాలి? 1939లో హ్యూలెట్, ప్యాకర్డ్ కలిసి కంపెనీ పెట్టిన పాలో ఆల్టో గ్యారేజీ 12×18 అడుగులు. మనకి 10×12 చాలు, కాకపోతే చిన్న లెక్క ఉంది. ప్లైవుడ్ షీటు పొడవు 8 అడుగులు. కటింగ్ టేబుల్ మీద నిలువునా కోయాలంటే బ్లేడుకి ముందు 8, వెనక 8 అడుగులు ఖాళీ ఉండాలి. అందుకే బ్లేడుకి ఎదురుగా తలుపు పెట్టాలి. కోసిన షీటు తలుపులోంచి పెరట్లోకి పోతుంది. ప్రహరీకి ఆనించి కట్టేముందు, ఎంత ఖాళీ వదలాలో మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ వాళ్లని అడగండి. తర్వాత కూల్చడం కంటే అది తేలిక.

గచ్చు పెరటి నేల కంటే ఓ అడుగు ఎత్తులో ఉంటే తుఫాను వానకీ నీళ్లు లోపలికి రావు. మే నెలలో రేకు కింద ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కప్పు ఎత్తు పెంచి, ఎత్తు వైపు గోడకీ రేకుకీ మధ్య జాలీతో సందు వదిలితే వేడి గాలి పైనుంచి పోతుంది. కిటికీ ఉత్తరానికి ఉంటే ఎండ తక్కువ కొడుతుంది, వెలుతురు మాత్రం రోజంతా వస్తుంది. వేడి తగ్గుతుందని రేకు కింద థర్మోకోల్ సీలింగ్ వేయించుకుంటారు కొందరు. గ్రైండరు నిప్పురవ్వలు ఎగిరే గదిలో అంతకంటే ప్రమాదం లేదు.

ఇక అసలు సంగతి కరెంటు. వంటింట్లోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాక్కొచ్చి, తడినేల మీద పెట్టి పనిచేసేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. మా ఎలక్ట్రీషియన్ కూడా "ఇంట్లో ఎంసీబీ ఉందిగా బాబూ, ఇంకోటి దండగ" అన్నాడు. చాలామంది అనుకునేదీ అదే. కానీ ఎంసీబీ కాపాడేది వైర్లని, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే అంతకంటే ఎక్కువ కరెంటు పారాలి. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు.

మనిషి కోసం ఉన్నది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమేనా అని అది ఎప్పుడూ లెక్క చూస్తుంటుంది. తేడా వచ్చిందంటే ఎక్కడో లీకవుతోందని అర్థం, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. దానికి ఎర్తింగ్ కూడా తోడుండాలి. అప్పుడు మిషన్ బాడీకి కరెంటు వచ్చినా, మీరు ముట్టుకోకముందే బ్రేకర్ పడిపోతుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే మాత్రం అదీ కనిపెట్టలేదు. మీద ఉన్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి.

మెయిన్ బోర్డు నుంచి షెడ్డుకి విడిగా లైను, భూమిలో పైపులోంచి తెప్పించండి. 16 ఆంపియర్ల సాకెట్లకి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దూరం ఎక్కువైతే 4. లైట్లకి వేరే ఎంసీబీ, వేరే ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఎందుకంటే చేతిలో గ్రైండరు ఉండగా బ్రేకర్ పడిందనుకోండి, కరెంటు ఆగినా డిస్కు వెంటనే ఆగదు. నిమిషానికి పదివేల సార్లకి పైగా తిరిగే డిస్కు పట్టుకుని చీకట్లో నిలబడటం ఊహించుకోండి!

పనిబల్ల ఎత్తు, నిలబడి చేతులు వేలాడేస్తే మణికట్టు దగ్గరకొస్తే సరిపోతుంది. చెక్కపొడిని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. ఎన్95 మాస్కు, గాలిని బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండాల్సిందే. మాలాగా సముద్రం దగ్గరున్నవాళ్లు ఉలులు, బ్లేడులు పని అయ్యాక పల్చగా నూనె రాసి పెట్టకపోతే వారంలో తుప్పు చూస్తారు.

చివరగా చప్పుడు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ అని రూల్ ఉంది. గ్రైండరు ఆ లెక్కలన్నీ ఒక్క దెబ్బకి దాటేస్తుంది. ఆఫీసు అయ్యాక దొరికేది రాత్రే కాబట్టి, ఆ టైముకి కొలతలు, జిగురు అంటించడం, చేత్తో గరుకు కాగితం రుద్దడం పెట్టుకున్నాను. పక్కింటి పిన్నిగారు ఇప్పటిదాకా ఏమీ అనలేదు, వంటింటి స్టూలు కాలు ఎప్పుడు బిగిస్తావని తప్ప.