ఖమీరు పట్టిన సీసము

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో నీటి కీడు అనగానే మొదట స్ఫురించేది ఫ్లోరైడు. పళ్లపై పడిన గోధుమరంగు చారలే దానిని పట్టి ఇస్తాయి. నీటిలో కరిగిన సీసం అట్టి ఆనవాలేదీ చూపదు; దానికి రంగు లేదు, వాసన లేదు. త్రాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రామును మించి సీసం ఉండరాదని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఇంత స్వల్పమైన దానిని నీటినుండి వేరుచేయుటకు ఖమీరీ రొట్టెల పిండిని పొంగించే ఈస్టు ఉపకరిస్తుందంటే ఆశ్చర్యం కలుగక మానదు.

ఈస్టు కణపు గోడలోని ఫాస్ఫేటు, కార్బాక్సిల్ సముదాయాలు నీటిలో ఋణావేశం పొందుతాయి. సీసపు అయానుది ధనావేశం. కనుక అది గోడకు అంటుకొంటుంది. ఇందుకు కణం బ్రతికి ఉండనక్కరలేదు. బీరు తయారీలో మిగిలిన ఈస్టు చాలును. ఆ వ్యర్థానికి ఇంతకంటె సద్వినియోగం మేము ఎరుగము! పది లక్షల పాళ్లలో ఒక పాలుకన్న తక్కువ సీసం గల నీటిలో ఒక గ్రాము ఎండిన ఈస్టు 12 మిల్లీగ్రాముల వరకు సీసాన్ని గ్రహించగలదనీ, ఐదు నిమిషాలైనా పట్టదనీ అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2022లో తెలిపారు.

అయితే సీసాన్ని పట్టిన ఈస్టు ఇంకా నీటిలోనే ఉన్నది గదా! ఇక్కడ వడపోత పొర అవసరమవుతుంది. ఈస్టు కణం వ్యాసం సుమారు 5 మైక్రానులు. 0.2 మైక్రాను రంధ్రాల పొర దానిని నిలిపివేస్తుంది. ఈస్టు లేనిచో సీసపు అయాను అదే పొరలోనుండి, చేపల వలలో ఆవగింజవలె, జారిపోతుంది. ఆర్.ఓ. పొర అయానులను సైతం ఆపుతుంది గాని దానికి అధిక పీడనం కావలెను. అది విసర్జించే నీటిలో లవణాలు మరింత చిక్కబడతాయి. 2024లో ఈస్టును జెల్ గుళికలలో బంధించి, వాటి నడుమ నీటిని పారించే ప్రయోగం కూడ వెలువడింది.

ధర్మవరంలో పట్టునూలు అద్దకం తరువాత మిగిలే నీటికి ఇది పనికివచ్చునా? తొందరపడి ఔననలేము. కొన్ని రంగులలో క్రోమియం రంగు అణువులోనే బిగిసి ఉంటుంది. అది విడి సీసపు అయానువలె ప్రవర్తింపదు. నీటి ఆమ్లత కూడ ఫలితాన్ని మార్చుతుంది. కనుక ఏ అద్దకపు నీటిని ఆ అద్దకపు నీటిగానే పరీక్షింపవలెను. ఫ్లోరైడు సంగతి వేరు. దానిదీ ఋణావేశమే కనుక ఈస్టు గోడ దానిని ఆకర్షింపదు. బోరునీటి ఫ్లోరైడుకు బజారు ఈస్టు మందని ఎవరైనా చెప్పినచో నమ్మరాదు.

సీసం పట్టిన ఈస్టును పలుచని ఆమ్లంతో కడిగినచో లోహం విడివడుతుంది. ఈస్టును తిరిగి వాడవచ్చును. కడిగిన ఆమ్లంలో మాత్రం సీసమంతా చేరి ఉంటుంది. చిత్రావతిలోనికి పోకుండ దానిని ఎక్కడ, ఎవరు భద్రపరచవలెనో పరికరం బిగించుటకు ముందే తేల్చుకొనవలెను.