అర్థశాస్త్రం చదవడానికి ఏ కాలేజీ?

గత జనవరిలో, అంటే ఇక్కడి నడివేసవిలో, టౌరంగాలోనే ఉండే మిత్రులొకరు సకుటుంబంగా మా ఇంటికి వచ్చారు. కాఫీ కప్పు చేతికి అందేలోపే "డాక్టరు గారూ, ఎకనామిక్స్‌కి మంచి కాలేజీ ఏదండీ?" అని అడిగారు. వారి అబ్బాయి బడిలో చివరిదైన పదమూడో సంవత్సరంలోకి అడుగు పెడుతున్నాడు. వైద్యమూ వద్దు, కంప్యూటర్లూ వద్దు, అర్థశాస్త్రమే చదువుతానని పట్టుబట్టాడు. తండ్రి ఫోనులో ప్రపంచ విశ్వవిద్యాలయాల ర్యాంకుల పట్టిక తెరిచి ఉంది. ఒక వైద్యుణ్ణి ఈ ప్రశ్న అడగడానికి కారణం లేకపోలేదు: మా అమ్మాయి ఆ శాస్త్రమే చదివింది. ఆ చదువు మొదట్లో నేను చేసిన ఒక పొరపాటుకు మూల్యం కూడా తనే చెల్లించింది. ఆ రోజు మాటల మధ్య పొందికగా చెప్పలేకపోయిన విషయాన్ని ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను.

మిత్రుల ప్రశ్న మా తరానికి సహజమైనదే. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివి, ఆపైన ఎంసెట్ రాసినవాణ్ణి. కాలేజీని మేము ఎంచుకోలేదు. మా ర్యాంకు ఎంచింది. ఫలానా ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుందో మా ఊరి కిరాణా కొట్టాయన కూడా చెప్పగలిగేవాడు. సీట్లు వందల్లో, ఆశావహులు వేలల్లో ఉన్నచోట, ప్రవేశం ఎంత కష్టమైతే కాలేజీ అంత మంచిదన్న సూత్రం మాకు ఒంటబట్టింది.

న్యూజీలండ్‌లో ఆ సూత్రం అంతగా పనిచేయదు. ఈ దేశంలో ఉన్నవి ఎనిమిది విశ్వవిద్యాలయాలు. 1869లో డనీడిన్‌లో స్థాపించిన ఒటాగో వాటిలో పెద్దది వయసులో. మా ఊరికి దగ్గరైన వైకాటో 1964 నాటిది. మూడు ఆమోదిత విషయాల్లో ఒక్కొక్కదానిలో 14 క్రెడిట్లు, భాషలోనూ లెక్కల్లోనూ కనీస సామర్థ్యం ఉంటే స్థూలంగా ప్రవేశార్హత లభిస్తుంది. ఆక్లండ్ వంటి చోట్ల మార్కుల గీత కొంచెం పైన ఉంటుంది కానీ, వాణిజ్య, మానవీయ శాస్త్రాల పట్టాలకు మనం ఎరిగిన సీట్ల యుద్ధం లేదు. వడపోత లోపలికి వెళ్ళాక మొదలవుతుంది. అర్థశాస్త్రంలో ఆ జల్లెడ గణితం.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. ఇక్కడి బడులలో చివరి ఏడాది గణితం రెండు పాయలుగా చీలుతుంది: ఒకటి కలనగణితం, రెండవది గణాంకశాస్త్రం. రెండూ తీసుకోవచ్చు, ఒక్కటే తీసుకున్నా అడిగేవారు లేరు. అర్థశాస్త్రానికి గణాంకాలు చాలునని, మార్కులు కూడా సులువుగా వస్తాయని తెలిసినవారెవరో అన్నారు. మా అమ్మాయి కలనగణితం వదిలేస్తానంటే ఆ కాగితం మీద నేనే సంతకం పెట్టాను. నేను బైపీసీ వాణ్ణి. పదవ తరగతితో లెక్కలకు నమస్కారం పెట్టినవాణ్ణి. లెక్కలు లేకుండానే నా బండి నడిచింది కదా అన్న అనుభవాన్ని తనకు అంటగట్టాను.

మొదటి సంవత్సరం హాయిగా గడిచింది. సరఫరా, గిరాకీ, రెండు గీతలు ఖండించుకునే చోట ధర. ఇదంతా బొమ్మలతో సాగిపోతుంది. రెండవ సంవత్సరంలో సూక్ష్మ అర్థశాస్త్రం అసలు రూపం చూపించింది. వినియోగదారుడు తన పరిమిత ఆదాయంతో గరిష్ఠ సంతృప్తి ఎలా పొందుతాడన్న ప్రశ్నకు పాక్షిక అవకలనాలు, లగ్రాంజ్ గుణకాలు లేకుండా జవాబు రాయలేరు. అమ్మాయి వేసవి సెలవుల్లో కూర్చుని పునాది గణితం పేపర్లు చేసింది (ఇక్కడ ఒక్కొక్క కోర్సునూ పేపర్ అనే అంటారు). దానితో ఒక సెమిస్టర్ వెనకబడింది. మూడేళ్ళ పట్టా తరువాత చేసే ఆనర్స్ సంవత్సరం కూడా ఆ మేరకు జరిగిపోయింది. "నువ్వు చెప్పావు కాబట్టే వదిలేశాను నాన్నా" అని తను ఒక్కసారే అన్నది. నాకు రెండవసారి వినవలసిన అవసరం కలగలేదు.

ఆనర్స్ దాటి డాక్టరేటు వైపు చూసేవారికి ఇంకా కావాలి: బహుచర కలనం, రేఖీయ బీజగణితం, సంభావ్యత, వీలైతే వాస్తవ విశ్లేషణ. పెద్ద విశ్వవిద్యాలయాల పరిశోధన విభాగాలు దరఖాస్తులో ఈ పేపర్ల కోసమే వెతుకుతాయి. అందుకే భౌతికశాస్త్రం, ఇంజనీరింగ్ చదివినవారు అర్థశాస్త్రంలోకి తేలికగా దూరగలరు. మన దువ్వూరి సుబ్బారావు గారు ఖరగ్‌పూర్, కాన్పూర్ ఐఐటీల్లో భౌతికశాస్త్రం చదివి, 1972లో ఐ.ఏ.ఎస్.లో ప్రథములై, ఆ తరువాత ఒహాయో స్టేట్‌లో అర్థశాస్త్రం, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో డాక్టరేటు చేసి, 2008లో రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు. ఈ దేశపు బిల్ ఫిలిప్స్ కథ ఇంకా విచిత్రం. పాడి పశువుల మధ్య పెరిగి విద్యుత్ ఇంజనీరైన ఆయన, యుద్ధంలో జపాను వారికి బందీగా ఉండి బయటపడి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో సమాజశాస్త్రం చదివి బొటాబొటిగా ఉత్తీర్ణుడయ్యాడు. 1949లో గొట్టాలలో రంగునీళ్ళు పారించి దేశ ఆర్థిక వ్యవస్థను అనుకరించే యంత్రం చేసి చూపించేసరికి అదే సంస్థ ఆయనను అధ్యాపకుడిగా తీసుకుంది. నిరుద్యోగానికీ వేతనాల పెరుగుదలకూ ఉన్న సంబంధం మీద 1958లో ఆయన రాసిన వ్యాసం నుంచే ఫిలిప్స్ రేఖ అన్న పేరు పుట్టింది. ఆ నీటి యంత్రాలలో ఒకదాన్ని వెల్లింగ్‌టన్‌లో రిజర్వు బ్యాంకు ప్రదర్శనశాలలో ప్రదర్శనకు పెట్టారు.

ఇక కాలేజీ పేరు విలువ. దీన్ని అర్థశాస్త్రవేత్తలే కొలిచారు, ఆ పద్ధతి వైద్యులకు బాగా తెలిసినదే. పెద్దాసుపత్రిలో మరణాల శాతం చిన్నాసుపత్రి కంటే ఎక్కువగా ఉండవచ్చు. అంతమాత్రాన అక్కడి వైద్యం నాసిరకమని ఎవరూ అనరు. జబ్బు ముదిరినవారు అక్కడికే వస్తారు. కాలేజీల లెక్కలో ఇదే తిరగబడి కనిపిస్తుంది. ప్రసిద్ధ కాలేజీ పట్టభద్రులు ఎక్కువ సంపాదిస్తుంటే అది కాలేజీ చలవా, అక్కడికి చేరిన పిల్లలే అటువంటివారా? స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఈ ముడి విప్పడానికి ఒక ఉపాయం పన్నారు. 1976లో అమెరికా కాలేజీల్లో చేరినవారిలో, ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు చేసి, ఒకే రకంగా సీట్లు పొంది, చివరికి వేర్వేరు చోట్ల చేరినవారిని పోల్చారు. పేరున్న కాలేజీలో సీటు వచ్చినా మామూలు కాలేజీకి వెళ్ళినవారి ఆదాయం సగటున తక్కువేమీ కాలేదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ మేలు చేసింది. రాజ్ చెట్టీ బృందం 2023లో చేసిన పని దీనికి ఒక సవరణ: అత్యున్నత అమెరికన్ కాలేజీలు సగటు ఆదాయాన్ని పెద్దగా మార్చకపోయినా, శిఖరాగ్రానికి చేరే అవకాశాన్ని పెంచుతాయి. ఇద్దరు వైద్యుల బిడ్డో, ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల బిడ్డో ఈ లెక్కలో ఎక్కడ పడతారో తల్లిదండ్రులే ఆలోచించుకోవాలి. మన పిల్లలకు కాలేజీ ఇవ్వగలిగిన పరిచయాలూ ధైర్యమూ చాలావరకు ఇంట్లోనే దొరుకుతున్నాయని నా అభిప్రాయం.

మరి ఊరు వదలడమా, ఉండడమా? వైకాటో విశ్వవిద్యాలయం 2019లో టౌరంగా నడిబొడ్డున, డర్హమ్ వీధిలో, ప్రాంగణం తెరిచింది. ఇంటి నుంచే వెళ్ళిరావచ్చు, హాస్టలు ఖర్చు ఉండదు. అయితే చిన్న ప్రాంగణంలో అన్ని పేపర్లూ ఉండవు. గణితం పేపర్ల కోసం కైమై కొండలు దాటి హామిల్టన్ వెళ్ళవలసి వస్తుందా అన్నది చేరకముందే తేల్చుకోవాలి. ఆక్లండ్‌లో వాణిజ్య పట్టానూ విజ్ఞానశాస్త్ర పట్టానూ జోడించి ఒకే చదువుగా చేయవచ్చు. అర్థశాస్త్రం పక్కన గణితం ఉంచుకోదలచిన పిల్లలకు నేను మొదట చెప్పేది అదే. తత్త్వశాస్త్రం, రాజనీతి కలిపి చదవాలనుకునేవారికి ఒటాగో ఉంది, వ్యవసాయం మీద మనసుంటే లింకన్. ఆస్ట్రేలియాకు వెళితే న్యూజీలండ్ పౌరులకు దేశీయ ఫీజే వర్తిస్తుంది కానీ, చాలామందికి అక్కడి విద్యారుణం అందదు. ఇక్కడ దేశంలోనే నివసించేవారి విద్యారుణానికి 2006 నుంచి వడ్డీ లేదు. శాశ్వత నివాసులు మాత్రం ఆ రుణానికి మూడేళ్ళు ఇక్కడ ఉండి ఉండాలి. కొత్తగా వచ్చిన కుటుంబాలు ఈ ఒక్క నిబంధన దగ్గరే బోల్తా పడుతున్నాయి.

ర్యాంకుల పట్టికలో కనిపించనిది మరొకటి ఉంది: అక్కడి అధ్యాపకులు దేని మీద పనిచేస్తున్నారు? మా పక్కనే టె పుకె చుట్టూ కివీపండ్ల తోటలు. 2007 నుంచి పసిఫిక్ దీవుల కూలీలు పంటకాలపు వీసా మీద ఇక్కడికి వస్తున్నారు. వైకాటోకు చెందిన జాన్ గిబ్సన్, ప్రపంచ బ్యాంకుకు చెందిన డేవిడ్ మెకెంజీ, టోంగా, వనువాటు దీవుల్లో కూలీలను పంపిన కుటుంబాలనూ పోల్చదగిన ఇతర కుటుంబాలనూ ఏళ్ళ తరబడి గమనించి, పంపినవారి తలసరి ఆదాయం 30 శాతానికి పైగా పెరిగిందని 2014లో ప్రచురించారు. ఆ కూలీలను మా ఊరి సూపర్‌మార్కెట్లో సాయంత్రాలు చూస్తుంటాం. ఆ పరిశోధన చేసినవారి తరగతిలో కూర్చోవడానికి వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చాలు.

ఇదంతా ఇంత వరుసగా ఆ రోజు చెప్పలేదు. చెప్పిన కాస్తలో మిత్రులకు నచ్చింది వడ్డీ లేని రుణం. అబ్బాయి మాత్రం వెళ్ళేటప్పుడు కారు దగ్గర ఆగి, "అంకుల్, కాల్క్యులస్ ఇప్పుడు తీసుకోవచ్చా? స్టాటిస్టిక్స్ ఒక్కటే పెట్టాను" అని అడిగాడు. ఫిబ్రవరిలో బడి తెరిచిన మొదటి వారంలోనే ఆ తరగతిలోకి మారాడు. విశ్వవిద్యాలయం సంగతి ఇంకా తేలలేదు. వాళ్ళ నాన్నగారి ఫోనులో పట్టిక తెరిచే ఉంది.