మూసీ ఒడ్డున న్యాయమందిరం

పిల్లలూ, మీలో చాలామంది మాదాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గం వైపు ఉంటున్నారు. మీ ఇళ్ళ చుట్టూ అద్దాల మేడలే. హైటెక్ సిటీలో మొట్టమొదట లేచిన సైబర్ టవర్స్ భవనం 1998లో ప్రారంభమైంది. అంటే మీ అమ్మానాన్నల కన్నా అది చిన్నది!

మా మనవడు కూడా అక్కడే చదువుకుంటున్నాడు. మొన్న ఒక పుస్తకంలో ఎర్రని గుమ్మటాల భవనం బొమ్మ చూసి, "తాతయ్యా, ఇది ఏ రాజుగారి కోట?" అని అడిగాడు.

"కోట కాదురా, హైకోర్టు. పద, చూపిస్తాను," అన్నాను.

ఆదివారంనాడు ఇద్దరం రాయదుర్గంలో మెట్రో రైలెక్కాం. అమీర్‌పేటలో బండి మారి, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గర దిగాం. ఆ స్టేషన్ పక్కనే మూసీనది. అక్కడ నుంచి ఒడ్డు వెంబడి నడిచి, ముందుగా ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక ముసలి చింతచెట్టు దగ్గరకు వెళ్ళాం.

"కోర్టు చూపిస్తానని చెట్టు చూపిస్తావేం?" అన్నాడు వాడు.

"ఈ చెట్టు సంగతి తెలియకపోతే ఆ కోర్టు సంగతి సగమే తెలుస్తుంది," అని చెట్టు కింద కూచుని చెప్పాను.

1908 సెప్టెంబరు 28న మూసీనదికి ఘోరమైన వరద వచ్చింది. రెండు ఒడ్డులా ఉన్న పేటలు కొట్టుకుపోయాయి. సుమారు 15,000 మంది చనిపోయారని చెబుతారు. ఆనాడు ఈ చింతచెట్టు కొమ్మలెక్కి పట్టుకున్నవారు దాదాపు 150 మంది బతికి బయటపడ్డారు. ఎవరూ చెక్కకుండా, ఎవరూ కట్టకుండా నిలిచిన స్మారకచిహ్నం ఈ చెట్టు!

ఇలాంటి ఆపద మళ్ళీ రాకుండా చూడటానికి 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. నగరానికి ఎగువనే వరదను ఆపి, నిలవచేసి, మెల్లగా వదలాలని ఆయన సలహా చెప్పారు. ఆ ప్రకారం కట్టినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. మీరు గండిపేట చెరువు అనేది దానినే. చూశారా, మీ ఇంటి దగ్గర చెరువుకూ పాతనగరంలోని చింతచెట్టుకూ ఎంత చుట్టరికమో!

చెరువులతోనే పని అయిపోలేదు. పాడుపడిన ఒడ్డులను చక్కదిద్ది, అందరికీ పనికివచ్చే భవనాలు కట్టించారు. ఒక ఒడ్డున ఆసుపత్రి, ఎదుటి ఒడ్డున హైకోర్టు, దాని పక్కన సిటీ కాలేజీ. ప్రాణాలు పోయిన చోటనే వైద్యం, న్యాయం, చదువు వెలిశాయన్నమాట.

తరవాత మేము నయాపూల్ వంతెన దాటి హైకోర్టు ముందుకు వెళ్ళాం. అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు. అందుచేత బయట నుంచే కళ్ళారా చూశాం. పెద్ద గుమ్మటం, దాని చుట్టూ చిన్న గుమ్మటాలు, ఎత్తయిన కమానులు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1915లో పని మొదలుపెట్టి, నాలుగేళ్ళలో పూర్తిచేశారు. 1920 ఏప్రిల్ 20న ప్రారంభోత్సవం జరిగింది. విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయుడూ, జయపురానికి చెందిన శంకర్‌లాల్ దీనికి రూపకల్పన చేశారు. మెహర్ అలీ ఫాజిల్ అనే ఇంజనీరు కట్టించాడు.

దీనికి వాడినది ఎర్రని ఇసుకరాయీ, గులాబిరంగు గ్రానైటు రాయీ. ఈ గ్రానైటు మీకు కొత్తదేమీ కాదు. రాయదుర్గం, ఖాజాగూడ గుట్టల్లో మీరు చూసే బండలు గ్రానైటువే. సుమారు 250 కోట్ల సంవత్సరాల కిందట భూగర్భంలో కరిగి ఉన్న పదార్థం మెల్లగా చల్లారి గట్టిపడితే ఈ రాయి ఏర్పడింది.

"తాతయ్యా, లోపల ఏం చేస్తారు?" అన్నాడు మావాడు.

"ఒక రైతు పొలం గట్టును పొరుగువాడు జరిపాడనుకో. రైతు దగ్గరలో ఉన్న చిన్న కోర్టులో దావా వేస్తాడు. అక్కడి తీర్పు న్యాయంగా లేదనిపిస్తే జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకుంటాడు. చట్టం విషయంలో ఇంకా సందేహం మిగిలితే హైకోర్టుకు వస్తాడు. ఆ పైన ఢిల్లీలో సుప్రీంకోర్టు ఉంది. ఒక మనిషి పొరపాటు పడితే దిద్దటానికి మరొకరు ఉండాలని ఈ ఏర్పాటు."

"మరి ప్రభుత్వమే తప్పుచేస్తే?"

"అప్పుడు నేరుగా ఇక్కడికే రావచ్చు. మన రాజ్యాంగంలోని 226వ అధికరణం హైకోర్టుకు ఆ అధికారం ఇచ్చింది. ఎవరినైనా అన్యాయంగా నిర్బంధిస్తే, ఆ మనిషిని తెచ్చి మా ఎదుట నిలబెట్టండని కోర్టు ఆజ్ఞాపించగలదు."

నిజాము కాలంలో ఈ కోర్టు వ్యవహారాలన్నీ ఉర్దూలో నడిచేవి. వకీలు, దావా, జామీను, హాజరు అని మనం అనే మాటలు ఆ దారినే మన ఇళ్ళలోకి వచ్చాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు, గుంటూరులో ఉన్న ఆంధ్ర హైకోర్టు కూడా వచ్చి ఇక్కడ చేరింది. కోకా సుబ్బారావుగారు దానికి ప్రధాన న్యాయమూర్తి. 2019 జనవరి 1 నుంచి ఇది తెలంగాణ హైకోర్టు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతికి వెళ్ళింది.

ఈ భవనం కష్టాలూ పడింది. 2009 ఆగస్టు 31న నిప్పంటుకుని గ్రంథాలయమూ, కొన్ని కోర్టు గదులూ కాలిపోయాయి. వాటిని తిరిగి బాగుచేశారు. ఇప్పుడు మరో మార్పు రానున్నది. రాజేంద్రనగర్‌లో 100 ఎకరాల స్థలంలో కొత్త హైకోర్టుకు 2024 మార్చి 27న శంకుస్థాపన జరిగింది. కేసులు పెరిగాయి, చోటు చాలడం లేదు కనక అది అవసరమే.

ఇది విని మావాడు దిగులుగా, "కోర్టు వెళ్ళిపోతే ఈ భవనం ఏమవుతుంది?" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి పాతభవనం కనిపిస్తూనే ఉంది. 2020 జూలైలో వాననీళ్ళు వార్డుల్లోకి రావటంతో దానిని ఖాళీ చేశారు. మనుషులు మసలని ఇల్లు ఎంత గొప్పదైనా త్వరగా పాడవుతుంది. గోడలకు పూతపూస్తే చాలదు. లోపల పని జరగాలి. గ్రంథాలయమో, ప్రదర్శనశాలో, పిల్లలు వచ్చి న్యాయం అంటే ఏమిటో తెలుసుకునే చోటో, ఏదో ఒకటి ఉండాలి.

జ్ఞాపకాలూ అంతే. 2025 సెప్టెంబరు నెలాఖరున మూసీ పొంగి, మేము దిగిన ఆ బస్‌స్టేషన్‌లోకే నీళ్ళు వచ్చాయి. నది తన దారి మరిచిపోలేదు. మరిచేది మనమే!

పిల్లలూ, ఒక సెలవునాడు మీ అమ్మానాన్నలను తీసుకుని ఆ చింతచెట్టునూ, ఈ న్యాయమందిరాన్నీ చూసి రండి. తిరిగి వచ్చాక మీ పేటలో పెద్దవాళ్ళను ఒక ప్రశ్న అడగండి: మన ఇల్లున్న చోట మునుపు ఏముండేది? గుట్టా, పొలమా, చెరువా? వాళ్ళు చెప్పినది ఒక నోటుపుస్తకంలో రాసి దాచుకోండి. మీ పేటకు మొదటి స్మారకచిహ్నం ఆ పుస్తకమే అవుతుంది.